ఉపగ్రహ సంకేతాల మినుకు, నాలుగో పాఠం: ఎస్4 సూచికను చేత్తో కట్టడం

గత పాఠం చివర ఒక లెక్క ఇచ్చి ఆపాను. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరంగా ఉండే రేఖ) మీద పుట్టిన ప్లాస్మా బుడగ, హైదరాబాదుకు సరిగ్గా నడినెత్తిన 350 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అయనావరణాన్ని (ఎండకు వాయువులు ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయి ప్లాస్మాగా మారిన పై వాతావరణపు పొరను) చెదరగొట్టాలంటే, పుట్టిన చోట అది ఎంత ఎత్తుకు లేవాలన్నది ప్రశ్న. ఈ పాఠంలో మనం కట్టబోయే ఎస్4 అంకెలకు, అంటే ఉపగ్రహ సంకేతపు బలం ఎంతగా మినుకుమందో చెప్పే అంకెలకు, అర్థం చెప్పుకోవలసి వచ్చినప్పుడు మళ్లీ ఈ లెక్క దగ్గరికే రావాలి కనుక ముందు దాని జవాబు చూద్దాం.

సూర్యాస్తమయం తరవాత అయనావరణపు కింది పొరలు త్వరగా కరిగిపోతాయనీ, అదే సమయంలో తూర్పు దిశగా ఉన్న విద్యుత్ క్షేత్రం కాసేపు బలపడి పై పొరను ఇంకా పైకి ఎత్తుతుందనీ, దట్టమైన ప్లాస్మా పైన, పలచనిది కింద మిగిలిన ఆ తలకిందుల అమరికలోంచి పలచని ప్లాస్మా బుడగలుగా పైకి తన్నుకొస్తుందనీ మూడో పాఠంలో చెప్పుకున్నాం. బుడగ లేచేది భూమధ్యరేఖ దగ్గరే అయినా, ఎలక్ట్రాన్లు అయస్కాంత బలరేఖలకు పూసల్లా గుచ్చుకుని ఉంటాయి కాబట్టి, ఆ పలచదనం బలరేఖ పొడవునా ఉత్తర దక్షిణాలకు పాకుతుంది. బలరేఖ మీది ఏదైనా ఒక బిందువు భూకేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందో తీసుకుని, ఆ బిందువు అయస్కాంత అక్షాంశపు కొసైన్ వర్గంతో భాగిస్తే, ఆ బలరేఖ అయస్కాంత భూమధ్యరేఖ మీద భూకేంద్రం నుంచి ఎంత దూరానికి లేస్తుందో తెలుస్తుంది.

మన దేశంలో అయస్కాంత భూమధ్యరేఖ తిరువనంతపురం, తిరునెల్వేలి ప్రాంతాల మీదుగా పోతుంది; 1963 నవంబరు 21న తొలి రాకెట్టును ఎగరవేయడానికి తుంబాను ఎంచుకున్నదీ అందుకే. హైదరాబాదు ఆ రేఖకు ఉత్తరంగా సుమారు 9 డిగ్రీల దూరంలో ఉంది. భూమి వ్యాసార్ధం 6371కి 350 కలిపితే 6721. 9 డిగ్రీల కొసైన్ వర్గం 0.9755, భాగిస్తే 6890, అందులోంచి 6371 తీసివేస్తే 519 కిలోమీటర్లు. అంటే బుడగ ఇంచుమించు 520 కిలోమీటర్లకు లేస్తే చాలు, హైదరాబాదు ఆకాశం చెదురుతుంది. ఇదే లెక్క 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర ఉన్న అహ్మదాబాదుకు వేస్తే 833 కిలోమీటర్లు వస్తుంది, 20 డిగ్రీలకు వేస్తే 1240 వస్తుంది. తిరునెల్వేలిలో మినుకు కనిపించిన ప్రతి రాత్రీ అహ్మదాబాదులో ఎందుకు కనిపించదో ఈ మూడు అంకెలే చెబుతాయి. విశాఖపట్నం అక్షాంశం హైదరాబాదుకు దగ్గరే కనుక దాని జవాబూ దాదాపు ఇదే.

ఇక ఈ పాఠం పని.

నేల మీద పడే నీడల వల

ఎండ నిలువుగా పడే వేళ దిగుడుబావి అంచున నిలబడి లోపలికి చూసినవారికి మెట్ల మీద, నీటి అడుగున, వెలుగు గీతలు వలలాగా కదలడం తెలిసే ఉంటుంది. నీటి పైపొర కొంచెం ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల కాంతి ఒకచోట కూడుకుంటుంది, పక్కనే పలచబడుతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో తరంగానికి అయనావరణంలోని చెదిరిన పొర ఆ నీటి పైపొర వంటిది. తరంగం ఆ పొరను దాటేటప్పుడు దాని బలం దాదాపు మారదు, దశ (తరంగపు శిఖరమూ పల్లమూ వచ్చే వేళ) మాత్రమే అక్కడక్కడ ముందువెనకలవుతుంది. కానీ అక్కడి నుంచి నేల దాకా వచ్చే 350 కిలోమీటర్ల ప్రయాణంలో ఆ ముందువెనకలు ఒకదానితో ఒకటి కలిసి, కొన్నిచోట్ల బలాన్ని పెంచుతూ కొన్నిచోట్ల తుంచుతూ, నేల మీద ఒక వలను పరుస్తాయి. బుడగలు తూర్పుకు కదులుతుంటే ఆ వల కూడా కదులుతుంది, మన యాంటెన్నా మీదుగా దాని వెలుగూ చీకటీ ఒకదాని వెంట ఒకటి దాటిపోతాయి. మనం కొలిచే మినుకు అదే.

ఈ వలలో ఒక కన్ను సైజు ఎంత ఉంటుందో తెలియకుండా కొలతకు కూర్చోకూడదు. తరంగదైర్ఘ్యాన్ని పొర దూరంతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే దాని అంచనా వస్తుంది. ఇదే ఫ్రెనెల్ కొలత. జీపీఎస్ మొదటి సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్, దాని తరంగదైర్ఘ్యం 0.19 మీటరు. 350 కిలోమీటర్ల దూరానికి జవాబు సుమారు 365 మీటర్లు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు ఫ్లీట్‌శాట్ ఉపగ్రహం నుంచి పట్టిన 244 మెగాహెర్ట్జ్ సంకేతానికి ఇదే లెక్క 900 మీటర్లు దాటుతుంది. పాఠకులు దీన్ని స్వయంగా ఒకసారి కట్టి చూసుకోవాలి, ఎందుకంటే రాబోయే భాగాల్లో ప్రతిచోటా ఈ 365 మీటర్ల అంకె పనికి వస్తుంది. బుడగ మొత్తం వెడల్పు వంద కిలోమీటర్ల దాకా ఉండవచ్చు గాని, సంకేతాన్ని మినుకుమనిపించేది దాని లోపల, అంచుల్లో ఉన్న ఈ కొన్ని వందల మీటర్ల చీలికలే.

నాలుగు అని ఎందుకు

మినుకు తీవ్రతకు అందరూ వాడే సూచిక పేరు ఎస్4. మొదటి మూడూ ఏమయ్యాయని అడగడం న్యాయమే. 1963లో బ్రిగ్స్, పార్కిన్ అనే ఇద్దరు పరిశోధకులు మినుకును కొలవడానికి వీలున్న నాలుగు పద్ధతులను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. మొదటి రెండూ సంకేతపు కంపన పరిమితి మీద, తరవాతి రెండూ దాని శక్తి మీద ఆధారపడినవి. నాలుగోది సిద్ధాంతానికీ కొలతకూ కుదిరినందువల్ల నిలబడింది.

దాని నిర్వచనం ఒక్క వాక్యం: ఒక నిమిషం పాటు సంకేత శక్తిని కొలిచి, ఆ శక్తి ప్రామాణిక విచలనాన్ని దాని సగటుతో భాగించగా వచ్చేదే ఎస్4. లెక్కకు అనువుగా చెప్పాలంటే, శక్తుల వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసివేసి, మిగిలినదాన్ని సగటు వర్గంతో భాగించి, వర్గమూలం తీయాలి. ఇది నిష్పత్తి కనుక దీనికి ప్రమాణం ఉండదు. మీ యాంటెన్నా చిన్నదైనా పెద్దదైనా, శక్తిని ఏ కొలమానంలో చెప్పినా, జవాబు మారదు. సాధారణంగా 0.3 లోపు బలహీనమనీ, 0.3 నుంచి 0.6 దాకా మధ్యస్థమనీ, ఆ పైన తీవ్రమనీ అంటారు. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు, సౌకర్యం కోసం మనం గీసుకున్నవి. వేర్వేరు పరిశోధక బృందాలు వాటిని కాస్త అటూ ఇటూ జరుపుకుంటాయి. బాగా చెదిరిన రాత్రుల్లో విలువ 1 దగ్గర ఆగిపోతుంది, ఎప్పుడైనా దాన్ని కొంచెం దాటుతుంది కూడా.

కాగితం చుట్ట మీద పెన్ను గీసిన చార్టులను స్కేలుతో కొలిచే రోజుల్లో, ఇంత లెక్క ఎవరూ కట్టలేకపోయేవారు. చార్టులో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్ని వదిలి పైనుంచి మూడోదాన్నీ, అన్నిటికన్నా లోతైన పల్లాన్ని వదిలి కిందినుంచి మూడోదాన్నీ తీసుకుని, వాటి తేడాను వాటి మొత్తంతో భాగించేవారు. మోటుగా కనిపించినా అది తెలివైన పద్ధతి. ఏదో ఒక్క మెరుపువల్ల లెక్క చెడిపోకుండా ఆ మూడో స్థానం కాపాడేది.

పది అంకెలతో అభ్యాసం

రిసీవర్ నుంచి మనకు వచ్చేది నేరుగా శక్తి కాదు. క్యారియర్ (సంకేతాన్ని మోసే తరంగం) శక్తికీ నాయిస్ (అక్కర్లేని రొద) సాంద్రతకూ మధ్య నిష్పత్తి డెసిబెల్లలో వస్తుంది. పని చేసేవారు దాన్ని సీ-బై-ఎన్-నాట్ అని పిలుస్తారు, ప్రమాణం డీబీ-హెర్ట్జ్. అభ్యాసం కోసం నేను అల్లిన పది అంకెలు ఇవి: 45, 43, 46, 40, 44, 46, 38, 43, 45, 41.

వీటిని మొదట మామూలు నిష్పత్తుల్లోకి మార్చాలి. ప్రతి అంకెలోంచి 40 తీసివేసి, మిగిలినదాన్ని 10తో భాగించి, వచ్చినదాన్ని 10కి ఘాతంగా వేస్తే సరి. ఎస్4 నిష్పత్తి కనుక 40కి బదులు ఏ అంకెను ఆధారంగా తీసుకున్నా జవాబు మారదు, 40తో అంకెలు చిన్నవవుతాయి, అంతే. వరసగా 3.16, 2.00, 3.98, 1.00, 2.51, 3.98, 0.63, 2.00, 3.16, 1.26 వస్తాయి. మొత్తం 23.68, సగటు 2.368. ప్రతిదాన్నీ వర్గం చేసి కూడితే 68.94, ఆ వర్గాల సగటు 6.894. సగటు వర్గం 5.607. తేడా 1.287. దాన్ని 5.607తో భాగిస్తే 0.2295, వర్గమూలం 0.48. మధ్యస్థమైన మినుకు.

ఇప్పుడు ఒక తప్పును కావాలని చేసి చూద్దాం. డెసిబెల్ అంకెలనే తిన్నగా సూత్రంలో పెడితే ఏమవుతుంది? సగటు 43.1, వర్గాల సగటు 1864.1, సగటు వర్గం 1857.6, తేడా 6.5, చివరి జవాబు 0.06. అంటే మధ్యస్థమైన మినుకు ఉన్న రాత్రిని ప్రశాంతమైన రాత్రి అని రాసుకుంటాం. డెసిబెల్ అనేది సంవర్గమానం, దాని మీద సగటూ విచలనమూ తీయడం వేరే పని. ఈ తప్పు వింతగా అనిపించవచ్చు గాని, స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరసను మరొకటి అనుకుని ఎంచుకోవడంలో ఇది ఎంత సులువుగా జరుగుతుందో, జరిగాక ఎంత కాలం కనిపించకుండా ఉంటుందో నాకు స్వానుభవమే: నా మొదటి నెల నమోదులన్నీ అద్భుతమైన ప్రశాంతతను చూపించాయి. అనుమానం వచ్చినప్పుడు చేయవలసిన పరీక్ష సులువు. శిఖరానికీ పల్లానికీ మధ్య 8 డెసిబెల్ల తేడా ఉన్న నిమిషంలో ఎస్4 0.1 లోపు వస్తే, లెక్కలో డెసిబెల్లు దూరాయని అర్థం.

పది అంకెలు చేతి లెక్క కోసం. సింటిలేషన్, అంటే మినుకును, కొలవడానికే తయారైన రిసీవర్లు సెకనుకు 50 నమూనాలు తీసుకుంటాయి, నిమిషానికి మూడు వేలు. వాటిలో ఉపగ్రహం పైకి లేవడం, దిగడం వల్ల వచ్చే నిదానపు మార్పు కూడా కలిసి ఉంటుంది. దాన్ని తీసివేయకపోతే అదీ మినుకులోనే జమ అవుతుంది. మన స్థాయిలో దానికి ఒక మార్గం ఉంది. ప్రతి నమూనాను దాని చుట్టూ ఉన్న ఒక నిమిషపు సగటుతో భాగించి, అలా సరిచేసిన అంకెల మీదే ఎస్4 కట్టాలి.

ఫోనుతో కుదురుతుందా

ఈ ప్రశ్న ఉత్తరాల్లో ఎక్కువగా వస్తోంది కనుక ఇక్కడే తేల్చుకుందాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉపగ్రహాల వారీగా సంకేత బలాన్ని సెకనుకు ఒకసారి నమోదు చేసే ఆప్‌లు ఉన్నాయి. బుడగలు తూర్పుకు సెకనుకు సుమారు వంద మీటర్ల వేగంతో కదులుతాయి. 365 మీటర్ల కన్ను ఆ వేగంతో యాంటెన్నా మీదుగా దాటడానికి మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది. కాబట్టి సెకనుకు ఒక నమూనాతో బలహీనమైన, మధ్యస్థమైన మినుకును కొంతవరకు పట్టవచ్చు. తీవ్రమైన మినుకులో మాత్రం ఎగుడుదిగుళ్లు సెకనులో చిన్న భాగానికే జరిగిపోతాయి, పైగా ఫోను చెప్పే అంకె అప్పటికే లోపల నునుపు చేసినది. అందుచేత ఫోనుతో కట్టిన ఎస్4 అసలు విలువకన్నా తక్కువగానే వస్తుందని గుర్తుపెట్టుకుని, దాన్ని కొలతగా కాక సూచనగా వాడుకోవాలి. మినుకు మొదలైన వేళ, ముగిసిన వేళ, అది ఏ ఉపగ్రహాల వైపు వచ్చిందన్నది ఫోను చక్కగానే చెబుతుంది. ఫోనును చేతిలో పట్టుకుని తిరగకూడదు. డాబా మీద బోర్లించకుండా, కదలకుండా, మనుషులు పక్కన మసలకుండా ఉంచాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది చాలామంది పుస్తకాల్లో దాటేసేది. వల వేగం అన్నప్పుడు బుడగ వేగం ఒక్కటే చాలదు. ఉపగ్రహం కూడా కదులుతుంది కనుక మన చూపురేఖ అయనావరణాన్ని గుచ్చే బిందువు కూడా కదులుతుంది. ఆ బిందువు కూడా తూర్పుకే, సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. బుడగతో పోల్చిన వేగం 40 మీటర్లే, కన్ను దాటడానికి 9 సెకన్లు. అంటే సంకేతం ఒక పల్లంలో పడితే అందులో చాలాసేపు మునిగి ఉంటుంది, రిసీవర్ పట్టు తప్పేది సరిగ్గా అప్పుడే. ఎస్4 విలువ ఒకటే అయినా, తూర్పుకు పోయే చూపురేఖ మీద రిసీవర్ తప్పిపోయి, పడమరకు పోయే దాని మీద నిలబడడం చూస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. మన దేశపు నావిక్ వ్యవస్థలోని భూస్థిర ఉపగ్రహాలకు ఈ చిక్కు లేదు. వాటి గుచ్చు బిందువు ఇంచుమించు కదలకుండా ఉంటుంది, కనిపించే వేగమంతా అయనావరణానిదే. అందుకే బుడగల వేగాన్ని చదవాలనుకునే వారికి ఆ ఉపగ్రహాలు దొరకడం అదృష్టమని నా ఉద్దేశం.

అంకె వచ్చింది, అది మినుకేనా

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, ఎక్కువ సమయం పట్టేదీ ఇదే. ఎస్4 సూత్రానికి కళ్లు లేవు. సంకేతం ఎందుకు ఊగినా దాన్ని ఒకటిగానే లెక్కిస్తుంది. కాబట్టి అంకె రాగానే దాన్ని అయనావరణానికి అంటగట్టకుండా ముందు మన రిసీవరునూ మన డాబానూ అనుమానించాలి.

మొదటి అనుమానం నాయిస్ మీద. సంకేతం బలహీనమైతే, అయనావరణం ఎంత నిశ్చలంగా ఉన్నా, నాయిస్ ఒక్కటే కొంత ఎస్4ను పుట్టిస్తుంది. సెకనుకు 50 నమూనాల రిసీవర్లకు దీని అంచనా సులువు: సగటు సీ-బై-ఎన్-నాట్‌ను మామూలు నిష్పత్తిగా మార్చి, 100ను దానితో భాగించి, వర్గమూలం తీయాలి. పూర్తి సూత్రంలో ఇంకో చిన్న పదం ఉంది గాని, 35 డీబీ-హెర్ట్జ్ పైన దాని ప్రభావం లెక్కలోకి రాదు. 40 డీబీ-హెర్ట్జ్ అంటే నిష్పత్తి 10,000. నాయిస్ వాటా 0.10. 30 అయితే నిష్పత్తి 1000, నాయిస్ వాటా 0.32 దగ్గరికి పోతుంది, అంటే ఏ బుడగా లేకుండానే మధ్యస్థమైన మినుకు కనిపిస్తుంది. కొలిచిన ఎస్4 వర్గంలోంచి నాయిస్ వాటా వర్గాన్ని తీసివేసి వర్గమూలం తీస్తే అసలుది మిగులుతుంది. మన 0.48 నుంచి 0.10 వాటాను ఇలా తీసివేస్తే 0.47 మిగిలింది, నష్టం స్వల్పం. అదే కొలిచిన విలువ 0.15 అయి ఉంటే నష్టం స్వల్పంగా ఉండేది కాదు.

రెండోది ప్రతిఫలనం, అంటే మల్టీపాత్. గోడ నుంచీ రేకుల కప్పు నుంచీ నీళ్ల ట్యాంకు నుంచీ తిరిగి వచ్చిన సంకేతం నేరుగా వచ్చినదానితో కలిసి అచ్చం మినుకులాంటి ఊగులాటనే పుట్టిస్తుంది. ఉపగ్రహం దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ, అందుకే 30 డిగ్రీల కన్నా తక్కువ ఎత్తు కోణంలో ఉన్న ఉపగ్రహాలను చాలామంది లెక్క నుంచి తీసివేస్తారు. అయితే పైన ఉన్న ఉపగ్రహాల మీదా అనుమానం తీరకపోతే, తీర్చడానికి ఒక అందమైన పద్ధతి ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా అదే దారిలో తిరిగి వస్తాయి. నిన్న రాత్రి 9 గంటల 20 నిమిషాలకు కనిపించిన ఊగులాట ఈ రోజు అదే ఉపగ్రహంలో 9 గంటల 16 నిమిషాలకు, రేపు 9 గంటల 12 నిమిషాలకు అచ్చుగుద్దినట్టు వస్తే, అది మీ ఇంటి చుట్టుపక్కల వస్తువుల పని. బుడగలకు ఈ కాలపట్టిక తెలియదు. ఒకసారి ఇలా వరసగా ఐదు రాత్రులు నన్ను సంతోషపెట్టిన మినుకు, పక్క డాబా మీది స్టీలు ట్యాంకుదని తేలింది.

మూడోది చూపుకోణం. ఇది తప్పు కాదు గాని, అర్థం చెప్పుకోవడంలో పొరపాటు. హైదరాబాదు నుంచి దక్షిణానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్న ఉపగ్రహాన్ని చూస్తున్నామనుకోండి. ఆ చూపురేఖ 350 కిలోమీటర్ల ఎత్తును చేరేసరికి 4.8 డిగ్రీల దక్షిణానికి, అంటే 530 కిలోమీటర్లకు పైగా జరిగి, తమిళనాడులోని కృష్ణగిరి మీదికి వస్తుంది. అదే కోణంలో ఉత్తరానికి చూస్తే నాగ్‌పూర్ దాటి వంద కిలోమీటర్ల పైన ఉంటుంది. కాబట్టి "హైదరాబాదులో ఈ రాత్రి ఎస్4 0.5" అని రాయడం సగం మాటే అవుతుంది; ఏ ఉపగ్రహం, ఏ దిక్కు, ఏ కోణం అన్నవి పక్కన లేకపోతే ఆ అంకె ఏ ఊరి ఆకాశానిదో ఎవరికీ తెలియదు. పాఠం మొదట్లో కట్టిన 519 కిలోమీటర్ల లెక్క ఇక్కడ పనికి వస్తుంది. దక్షిణపు ఉపగ్రహం మినుకుమని, ఉత్తరపు ఉపగ్రహం నిశ్చలంగా ఉంటే, ఆ రాత్రి బుడగలు ఉత్తరపు బిందువు నుంచి వచ్చే బలరేఖ ఎత్తు దాకా లేవలేదని చెప్పుకోవచ్చు. కృష్ణగిరి మీద 4 డిగ్రీల అయస్కాంత అక్షాంశానికీ, నాగ్‌పూర్ ఆవల దాదాపు 14 డిగ్రీలకూ ఆ లెక్కను మళ్లీ కడితే, ఒక డాబా మీద కూర్చుని బుడగ ఎత్తును రెండు అంకెల మధ్య బంధించినట్టే.

ఇలా బంధించిన ఎత్తు నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే రాడార్ కావాలి. పెరూలోని హికమార్కాలో 50 మెగాహెర్ట్జ్ రాడారుతో వుడ్‌మన్, లా హోజ్ 1976లో ప్రకటించిన చిత్రాల్లో ఈ బుడగలు కింది నుంచి పైకి లేచిన పొగల్లా కనిపించాయి. మనకు తిరుపతి దగ్గర గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడారు ఉంది. అది చూసేది తన తరంగదైర్ఘ్యంలో సగం, అంటే ఇంచుమించు 2.8 మీటర్ల చీలికలను. మన జీపీఎస్ చూసేది కొన్ని వందల మీటర్ల చీలికలను. చిన్నవి త్వరగా సమసిపోతాయి, పెద్దవి నిలుస్తాయి. అందుకే అర్ధరాత్రి దాటాక రాడారు తెర ఖాళీ అయిన తరవాత కూడా సంకేతాలు కాసేపు మినుకుమంటూనే ఉండవచ్చు. రెండు పరికరాలూ ఒకే బుడగను చూస్తున్నా ఒకే సంగతి చెప్పకపోవడానికి కారణం ఇది, వాటిలో ఒకటి తప్పు కావడం కాదు.

పౌనఃపున్యం మారితే

బలహీనమైన మినుకులో ఎస్4 పౌనఃపున్యపు ఒకటిన్నర ఘాతానికి విలోమంగా మారుతుంది. జీపీఎస్ మొదటి సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్, ఐదో సంకేతం 1176.45, నిష్పత్తి 1.339, దాని ఒకటిన్నర ఘాతం 1.55. అంటే మొదటి దాని మీద 0.2 ఉంటే ఐదో దాని మీద 0.31 ఉండాలి. మీ ఫోను రెండింటినీ పడితే ఇది మంచి పరీక్ష: రెండింటి నిష్పత్తి 1.55 చుట్టుపక్కల తిరిగితే అది అయనావరణమే అనడానికి ఇంకొక సాక్ష్యం దొరికినట్టు. తీవ్రమైన మినుకులో మాత్రం ఈ నియమం చెల్లదు, ఎందుకంటే రెండూ 1 దగ్గరికి చేరి ఆగిపోతాయి. నావిక్ ఇందుకు ఇంకా అనువు, అది 1176.45తో పాటు 2492.028 మెగాహెర్ట్జ్ మీద కూడా పంపుతుంది. ఆ రెండోది మినుకును చాలావరకు తప్పించుకుంటుంది, ఎంతవరకన్నది అభ్యాసంలో మీరే కట్టాలి.

విమానాలకు దారి చూపే గగన్ వ్యవస్థను ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించినప్పుడు, అయస్కాంత భూమధ్యరేఖ దేశపు దక్షిణ కొస మీదుగా పోవడమే వారికి ఎదురైన పెద్ద సమస్యల్లో ఒకటి. ఐరోపా, అమెరికాలలో అంతకుముందు కట్టిన ఇలాంటి వ్యవస్థలకు ఇంత చెదిరిన ఆకాశం నెత్తిన లేదు.

ఎప్పుడు కూర్చోవాలి

మన రేఖాంశాల దగ్గర అయస్కాంత ఉత్తరం భౌగోళిక ఉత్తరానికి దాదాపు కలిసే ఉంటుంది. అందువల్ల పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల రోజుల్లో సూర్యాస్తమయపు గీత బలరేఖలకు సమాంతరంగా వచ్చి, ఒకే బలరేఖ రెండు కొసల దగ్గరా ఒకేసారి చీకటి పడుతుంది. విద్యుత్ క్షేత్రం బలంగా లేచేది అప్పుడే. కాబట్టి ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరులలో, రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా కూర్చోవడం మేలు. బ్రెజిల్‌లో అయస్కాంత దిక్సూచి బాగా పక్కకు తిరిగి ఉంటుంది, అక్కడి బుడగల కాలం డిసెంబరు చుట్టూ ఉంటుంది. మన పట్టికను అక్కడికి పంపితే పనికిరాదు. సూర్యుడి మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో రాత్రులు ఎక్కువ దొరుకుతాయి, మచ్చలు తగ్గే కొద్దీ ఓపిక ఎక్కువ కావాలి. ఏ బుడగా లేని రాత్రిని కూడా ఒకటి పూర్తిగా నమోదు చేసి ఉంచుకోండి. మీ డాబా సొంత ఊగులాట ఎంతో ఆ రాత్రే చెబుతుంది.

అభ్యాసాలు

ఒకటి. ఈ పది అంకెలకు ఎస్4 కట్టండి: 36, 36, 35, 37, 36, 35, 36, 37, 36, 36. తరవాత ఇవి సెకనుకు 50 నమూనాల రిసీవరు నుంచి వచ్చినవే అనుకుని, సగటు 36 డీబీ-హెర్ట్జ్‌గా తీసుకుని, నాయిస్ వాటాను తీసివేయండి. వర్గమూలం కింద రుణసంఖ్య వస్తే కంగారు పడి లెక్క కొట్టివేయకండి. దాని అర్థమేమిటో రెండు వాక్యాల్లో రాయండి.

రెండు. నావిక్ 1176.45 మెగాహెర్ట్జ్ మీద ఎస్4 0.6 ఉంటే, ఒకటిన్నర ఘాతపు నియమం ప్రకారం 2492.028 మెగాహెర్ట్జ్ మీద ఎంత ఉండాలి? 0.6 దగ్గర ఆ నియమాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పండి.

మూడు. 4 డిగ్రీలకూ 14 డిగ్రీలకూ బలరేఖ ఎత్తులు కట్టి, దక్షిణపు ఉపగ్రహం మాత్రమే మినుకుమన్న రాత్రి బుడగ ఎత్తు ఏ రెండు అంకెల మధ్య ఉందో రాయండి.

నాలుగు. వరసగా మూడు రాత్రులు ఒకే జీపీఎస్ ఉపగ్రహాన్ని, 4 నిమిషాల చొప్పున వెనక్కి జరుపుకుంటూ, నమోదు చేయండి. మూడు గీతలను ఒకదాని కింద ఒకటి పెట్టి, కదలకుండా నిలిచినవి ఏవో పెన్సిలుతో గుర్తించండి. ఐదో పాఠంలో సంకేతపు దశ మీద పని మొదలుపెడతాం. ఆ గుర్తులున్న కాగితం అప్పుడు పక్కన ఉండాలి.